చివరి చేను వంతు

రెండో లంక రావడానికి మూడు రోజుల ముందు

ఈ పుస్తకం ఆటలో మా చేలకు నీటి వంతులు రాసుకోమని మెర్సీ ఇచ్చింది. మెర్సీ కుమారి మా ఆరో అంతస్తు బాగోగులు చూసే అమ్మాయి. నేను చదివింది మూడో తరగతి. మా పద్నాలుగు మంది ముసలివాళ్లలో అక్షరం ముక్క వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఈ పని నా నెత్తిన పడింది. ఇవాళ్టి వంతులు రాయడం అయిపోయినా చెయ్యి ఆగడం లేదు. భయంగా ఉంది, రాస్తే తగ్గుతుందేమో.

పొద్దున్నే మిద్దె మీద మంచువలలు దులిపి నీళ్లు పట్టాం. బిందె సగం కూడా నిండలేదు. నాచు రొట్టెలు తిని, కళ్లజోళ్లు పెట్టుకుని లంకలోకి వెళ్లేసరికి ఆకాశంలో అక్షరాలున్నాయి. మూడు రోజుల్లో పచ్చలంక ఆట మూసేస్తారట. దాని బదులు రెండో పచ్చలంక వస్తుందట. అందులో వాన పడితే తడి ఒంటికి తెలుస్తుందట, గేదె ఊపిరి మొహానికి తగులుతుందట. నేను చదువుతుంటే అందరూ చుట్టూ మూగారు.

"గేదె పేడ వాసన కూడా వస్తాదేమో అడగవే రత్తం," అంది అచ్చియ్యమ్మ. మొదటి చేను ఆవిడది. నోరు పెద్దది.

"ఉన్నది బాగానే ఉంది కదా, ఎందుకు మార్చడం?" అన్నాను.

"నీకు తెల్లారినా భయమే, పొద్దుగూకినా భయమే. నూకరత్నం అని కాదు, వణుకురత్నం అని పెట్టాల్సింది మీ అమ్మ."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ భయం పోలేదు.

సముద్రం మా లంక ఊళ్లను తినేసి పద్దెనిమిదేళ్లు. పడవల్లో తెచ్చి ఈ గుట్ట మీద పెట్టారు. తొమ్మిదేళ్ల కిందట కళ్లజోళ్లు పంచారు. ఆ ఆట చేసినవాళ్లెవరో మాకు తెలియదు, వాళ్లకు మా ఊళ్లు తెలియవు. అయినా అందులో గట్లున్నాయి, వరి ఉంది, పై చేను నుంచి కింది చేనుకు తూముల్లో నీళ్లు పారతాయి. మాకు అంతే చాలు. మా తడి అయిపోయాక తూము తెరిచే ఉంచి ఇంటికి రావాలన్నది ఆటలో లేదు, అది మేం తెచ్చిపెట్టుకున్న పద్ధతి. మా ఊళ్లో అలాగే ఉండేది. తెరిచి వస్తేనే చివరి చేను దాకా నీళ్లు పోతాయి. "తూము మూసినదానా" అన్న తిట్టు తిని ఊరుకున్న ఆడది ఈ అంతస్తులో లేదు.

చివరి చేను పేరంటాలు వదినది. నాది దానికి పైన. వదినకు పక్షవాతం వచ్చి ఆరేళ్లు. కుడిచేతి బొటనవేలు ఒక్కటే కదులుతుంది. మేం వేళ్లన్నీ ఆడించి ఆడే ఆటను ఆవిడ ఆ ఒక్క వేలితో నడుపుతుంది. మాట ముద్దగా వస్తుంది, నాకు మాత్రం తెలుస్తుంది. నన్నూ వదినా అనే పిలుస్తుంది. ఆవిడ ఆటలో ఏమీ చేయదు. నాలుగు వంగ మొక్కలు, ఒక దూడ, కాసింత వరి. పొద్దున కళ్లజోడు పెడితే గట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. సాయంత్రం దాకా అలాగే.

ముందు రోజు

మార్పుకు ముందు ఏవో అడిగారు. వంతులు చూసేదాన్ని నేను కనుక ఊరంతటి తరఫున నేనే జవాబు చెప్పాలట. పది పేజీలున్నాయి. మొదటి రెండూ వేలుపెట్టి కూడబలుక్కుని చదివాను, తర్వాత కళ్లు నీళ్లు కారాయి. చివర పెద్ద అక్షరాలతో "మీ ఊరి తూములను ఎప్పటిలా తెరిచే ఉంచమంటారా?" అని ఉంది. అమ్మయ్య అనుకున్నాను. మా పద్ధతి వాళ్లకూ తెలిసింది, గౌరవించారు అనుకున్నాను. "ఔను" నొక్కాను.

వదినకు చెబితే బొటనవేలితో నా అరచేతిలో రెండుసార్లు నొక్కింది. సంతోషం వేస్తే అలా చేస్తుంది.

రెండో లంక, మొదటి రోజు

వాన నిజంగానే ఒంటికి తెలిసింది. అచ్చియ్యమ్మ కొంగు నెత్తిన వేసుకుని ఒకటే కేకలు. గేదె ఊపిరి వెచ్చగా ఉంది. కాసేపటికే ఒక్కొక్కటీ తెలియడం మొదలైంది. కొంగలు లేవు. పొలం మధ్య ఈత చెట్లు లేవు. ఆకుపచ్చ కూడా వేరే, కళ్లలో గుచ్చుకునే పచ్చ. చేను మూలన ఎర్ర అంకెలు తిరుగుతూ ఉన్నాయి, ఎవరెంత వేగంగా నాటుతున్నారో ఆ లెక్క. పాత లంకలో ఒక కునుకు తీసి లేచినా నారు అలాగే ఉండేది. ఇక్కడ పది నిమిషాలు చెయ్యి ఆగితే మొక్క వాడుతుంది.

అన్నిటికన్నా, కూర్చోవడం లేదు.

మోకాలు వంచితే ఆట మళ్లీ నిలబెడుతుంది. పేరంటాలు వదిన పొద్దుటి నుంచీ గట్టు మీద కూర్చోబోవడం, లేవడం, కూర్చోబోవడం, లేవడం. నేను పక్క చేనులోంచి చూస్తున్నాను. మధ్యాహ్నం కళ్లజోడు తీసి ఆవిడ మంచం దగ్గరకు వెళ్లాను.

"నడుం నొప్పెడతాంది వదినా," అంది.

ఆరేళ్లుగా ఆవిడకు నడుమంటూ ఏదీ తెలియదు. "కొత్త కదా, సర్దుకుంటుందిలే," అన్నాను.

రెండో రోజు

మధ్యాహ్నం కళ్లజోళ్లు ఎండపలకల కింద పెట్టి కరెంటు ఎక్కిస్తాం. గంటన్నర పడుతుంది. ఆ గంటన్నరలో వచ్చారు.

ఎక్కించుకుని తిరిగి వెళ్లేసరికి చేల పక్క బోదెకాలువలో పడవలున్నాయి. ఏ ఊరివాళ్లో, చిన్నవాళ్ల గొంతులు, నవ్వులు. రెండో లంకలో తూము తెరిచి ఉంటే ఆ చేనుకు యజమాని లేనట్టట. ఎవరైనా రావచ్చు, తీసుకోవచ్చు. ఆ పది పేజీల్లో ఎక్కడో ఉందట. అయిదు చేలు పోయాయి. పంట కోసుకున్నారు, గేదెలను తోలుకున్నారు. ఆఖరికి ఆ చేల తాలూకు మనుషులను కూడా, అంటే ఆటలోని మా మనుషుల బొమ్మలను, వరసగా పడవ ఎక్కించారు. చేను పోయిన అయిదుగురిలో ఒకరైన రామాయమ్మ తన మొహం తానే చూసుకుంది. పడవలో బుద్ధిగా కూర్చుని, ఎవరో చెప్పిన వైపు తెడ్డు వేస్తూ వెళ్లిపోయింది.

"ఏయ్, అది నేనే! దిగవే, దిగు!" అని గోడకేసి అరిచింది రామాయమ్మ.

తర్వాత ఆట పోయిన చేలను తీసేసి మిగిలిన తొమ్మిదింటినీ ఒకదాని పక్కకొకటి జరిపేసింది. మధ్యలో ఖాళీ కూడా లేదు.

అచ్చియ్యమ్మ నా వైపు తిరిగింది. "తూములు తెరిచుంచమని ఎవత్తి చెప్పింది?"

నేనని చెప్పాను. అందరూ నన్నే చూశారు. పేరంటాలు వదిన మాత్రం, "మన పద్ధతే కదా చెప్పింది," అంది. ఆ ముద్దమాట నాకొక్కదానికే అర్థమైంది. మిగతావాళ్లకు నేను విప్పి చెప్పలేదు. నన్ను నేనే వెనకేసుకొచ్చినట్టు ఉంటుందని.

మూడో రోజు

మెర్సీ వచ్చి అయిదుగురి కళ్లజోళ్లు తీసుకుపోయింది.

"పైనుంచి ఉత్తర్వు వచ్చిందండి మామ్మగారూ. చేను లేనివాళ్ల కళ్లజోళ్లు తొమ్మిదో అంతస్తుకి ఇచ్చేయాలంట. అక్కడ నలభై మంది కాసుక్కూచున్నారు."

రామాయమ్మ ఇప్పుడు మంచం మీద కూర్చుని వేళ్లు ఆడిస్తోంది. నాట్లు వేస్తున్నట్టు.

మెర్సీ చేత ఆట చేసినవాళ్లకు ఉత్తరం రాయించాం. పాత లంక తిరిగి ఇవ్వండి, కొంగలు లేకపోయినా పరవాలేదు, కూర్చోనివ్వండి చాలు, అని. అచ్చియ్యమ్మ ఇంకో రెండు మాటలు చేర్చమంది, మెర్సీ చెవులు మూసుకుంది.

నాలుగో రోజు

జవాబు వచ్చింది. మా అభిప్రాయం వాళ్లకు ఎంతో విలువైనదట. కొత్త లంకలో కూర్చునేవారికన్నా నిలబడేవారే ఎక్కువ ఆనందిస్తున్నట్టు తేలిందట. ఆటతీరు మార్చుకుంటే మా ఆనందం కూడా పెరుగుతుందట. కింద నవ్వుతున్న కొంగ బొమ్మ.

"కొంగల్ని ఇక్కడ పెట్టేరన్నమాట," అంది అచ్చియ్యమ్మ.

తూములు మూసేద్దాం అంది. మూస్తే చివరి చేను గతేమిటి అన్నాను. మూడు రోజులు తడి లేని చేను పోతుందని ఈసారి మెర్సీ చేత పది పేజీలూ చదివించుకుని తెలుసుకున్నాను. చేతులు కడుక్కునే చోట నిలబడి చాలాసేపు వాదించుకున్నాం. చివరకు కాపు పెట్టుకుందామని తేలింది. పొద్దున అరగంట అందరి తూములూ తెరవాలి, తొమ్మిది మందీ గట్ల మీద నిలబడి బోదె చూస్తూ ఉండాలి, పడవ కనిపిస్తే కేక వేసి మూసేయాలి. మధ్యాహ్నం అన్నీ మూసి ఉంచాలి.

మా వంతుల్లో తూము మూయడం అన్న మాట నేను మొదటిసారి రాశాను.

అయిదో రోజు

కాపు పని చేసింది. రెండు పడవలు వచ్చాయి. ఎనభై ఏళ్ల సుభద్రమ్మ వేసిన కేకకు నా చెవులు గింగుర్లెత్తాయి. తొమ్మిది తూములు టకటకా మూసేశాం. పడవవాళ్లు కాసేపు చుట్టూ తిరిగి పోయారు. "ముసల్దాని పీక చూశార్రా," అని వాళ్లలో ఒకడు అన్నాడు. సుభద్రమ్మ పొంగిపోయింది. ఇవాళ రెండు రొట్టెలు తింది.

పేరంటాలు వదిన చేను తడిసింది. బొటనవేలు ఎంత వేగంగా ఆడిస్తే మాత్రం ఏం, ఒక్క వేలితో నాలుగు వంగ మొక్కలే నాటింది. వాటి వంకే చూస్తూ నిలబడి ఉంది.

ఏడో రోజు

నిన్నటి నుంచి పైనుంచి వచ్చే నీళ్లు తగ్గాయి. చేలు తగ్గితే నీళ్లూ తగ్గిస్తారట. ఎనిమిదో చేనైన నా దగ్గరకు వచ్చేసరికి మడమ తడిసేంత. దాన్ని వదినకు వదిలాను. నా చేనులో పగుళ్లు వచ్చాయి. మూలనున్న అంకె నారింజ రంగుకు తిరిగింది. మెర్సీని అడిగితే, "రెండు రోజులు ఎండిందని అర్థం అండి," అంది.

తిండి సహించలేదు. రొట్టె ముక్క చేతిలోనే ఉంది. నా చేను పోతే వంతులు ఎవరు చూస్తారు? కాపు ఎవరు కాస్తారు? వదిన మాట విప్పి చెప్పేది ఎవరు? ఇలా అనుకుంటూ ఉన్నాను. అవన్నీ నిజమే. కానీ వేళ్లు ఆడిస్తున్న రామాయమ్మను చూసినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది వంతులు కాదు.

అచ్చియ్యమ్మ పక్కన కూర్చుంది. ఈసారి నవ్వులాటగా మాట్లాడలేదు. "ఇద్దరికీ చాలే నీళ్లు లేవు రత్తం. నువ్వు వదిలినా దాని చేను రేపో ఎల్లుండో ఎలాగూ పోద్ది. నాట్లు వెయ్యలేదు, కాపు కాయలేదు. నువ్వు కూడా పోతే ఏం లాభం?"

"తూము మూసినదానా అంటారు."

"ఎవరంటారే? అనేవాళ్లు మిగిలితే కదా."

రేపటి వంతుల్లో చివరి చేను పేరు ఎప్పటిలాగే రాశాను.

ఎనిమిదో రోజు

నీళ్లు వచ్చాయి. నా చేనులోకి పట్టాను. పగుళ్లు పూడుతుంటే చూస్తూ నిలబడ్డాను. అరగంటలో చివరి పావుగంట వదినది. తూము దాకా వెళ్లాను. చెయ్యి వేశాను. గట్టుకు అవతల వదిన నిలబడి ఇటే చూస్తోంది. ఆటలో ఆవిడ మొహం ఇంకా పక్షవాతం రాకముందు మొహమే. నేను తూము తెరవలేదు.

మంచం దగ్గరకు వెళ్లి, "పైన గండి పడింది వదినా, నీళ్లు రాలేదు," అన్నాను.

"నీ చేను తడిసిందా?" అని అడిగింది.

"కొద్దిగా."

"పోనీలే. అదైనా తడిసింది," అంది.

తొమ్మిదో రోజు

గండి ఇంకా పూడలేదని చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిసారంత కష్టంగా లేదు. దూడకు దాహంగా ఉందేమో చూడమంది వదిన. చూస్తానన్నాను. దూడ గట్టు దగ్గర నిలబడి నా చేనులోని నీళ్లు చూస్తోంది.

పదో రోజు

ఇవాళ కూడా వదల్లేదు. సాయంత్రం అయిదింటికి వదిన అంకె నల్లబడింది. ఆవిడ కళ్లజోడు దానంతట అదే ఆరిపోయింది. వదిన నన్ను పిలిచింది. నేను కళ్లజోడు తీయకుండా విననట్టే ఉన్నాను. ఎందుకంటే అదే క్షణంలో నా ముందు అక్షరాలు వచ్చాయి. పక్క చేను ఖాళీ అయింది, తీసుకుంటారా, ఔను, కాదు.

నేను కాదంటే పడవలవాళ్లు పట్టుకుపోతారు. నా దగ్గరుంటే ఎప్పుడైనా తిరిగి ఇవ్వవచ్చు. నాలుగు వంగ మొక్కలూ చూసుకోవచ్చు. ఈ మాట ఒట్టేసి చెబుతున్నాను, అలాగే అనుకున్నాను. ఔను నొక్కాను.

గట్టు ఒక్కసారిగా మాయమైంది. రెండు చేలూ ఒకటయ్యాయి. వంగ మొక్కలను ఆటే పీకేసింది, వరి చేనులో పనికిరావట. దూడ కూడా లేదు. వదిన బొమ్మ మాత్రం ఉంది. వచ్చి నా ముందు నిలబడింది. తల మీద నా పేరు. దాని కింద, పనిమనిషి.

పదకొండో రోజు

మెర్సీ వచ్చి వదిన కళ్లజోడు తీసుకుపోయింది. ఆరేళ్లలో వదిన మొహం మీద ఆ కళ్లజోడు తీసినచోట తెల్లటి చారలు పడ్డాయి. తుడిచాను. పోయేవి కావు.

వదిన పైకప్పు చూస్తూ ఉంది. అక్కడ ఒక తడి మచ్చ తప్ప ఏమీ లేదు.

పన్నెండో రోజు

వదిన బొమ్మ నాటుతోంది. రెండు చేతులతో. వంగుతుంది, లేస్తుంది, వెనక్కి ఒక అడుగు, మళ్లీ వంగుతుంది. నా కన్నా మూడింతల వేగం. ఆవిడ వయసులో ఉన్నప్పుడు మా ఊరి చేలల్లో అలాగే నాటేదని చూసినవాళ్లు చెప్పేవారు. నా అంకె పచ్చబడింది. నీళ్ల వాటా కూడా పెంచారు, రెండు చేలదాన్ని కదా. ఇవాళ చాలా రోజులకు రొట్టె పూర్తిగా తిన్నాను.

పదమూడో రోజు

మెర్సీ సంతోషంగా వచ్చింది. పిల్లది, ఏమీ తెలియదు. వదినకు గంజి తాగిస్తూ, "చూశారా పేరంటాలు మామ్మగారూ, మన రత్నం మామ్మగారికి రెండు చేలు అయ్యాయి. అంతస్తు మొత్తం మీద ఫస్టు," అంది.

వదిన గంజి మింగింది. నా వైపు కళ్లు తిప్పింది.

"ఎవరిది రెండోది?"

నేను చెప్పాను. మెర్సీకి ఆ ముద్దమాట అర్థం కాలేదు, నేను చెప్పింది అర్థమైంది. గిన్నె పట్టుకుని లేచి వెళ్లిపోయింది.

తిడుతుందని చూశాను. ఆ ఒక్క తిట్టూ తిట్టాలని చూశాను. వదిన తిట్టలేదు. "ఒక్కసారి చూపించు," అంది.

ఒకరి కళ్లజోడు ఇంకొకరు పెట్టుకోకూడదు. తెలిస్తే తీసేస్తారు. అయినా గుమ్మం వైపు చూసి, నా కళ్లజోడు తీసి ఆవిడకు పెట్టాను. లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. నలభై దాకా వచ్చేసరికి ఆవిడ కంటి కొస నుంచి నీళ్లు చెవిలోకి కారాయి.

"ఎంత బాగా నడుస్తున్నానో," అంది. తర్వాత, "నాకూ ఒక వంతు రాయి వదినా. రోజుకు పావుగంట. చూస్తానంతే."

రాస్తానన్నాను.

పద్నాలుగో రోజు

నిన్న కళ్లజోడు వదినకు ఇచ్చిన కాసేపట్లో, నేను కాపు లేని ఆ కాసేపట్లో, బోదెలో పడవ వచ్చి వెళ్లిందట. అచ్చియ్యమ్మ చూసి కేక వేసింది కాబట్టి సరిపోయింది. "ఎక్కడ సచ్చేవే?" అని తిట్టింది. ఎక్కడికీ వెళ్లలేదన్నాను.

వదిన పొద్దున్నే అడిగింది. రేపు అన్నాను. మధ్యాహ్నం అడిగింది. మెర్సీ ఉందన్నాను. సాయంత్రం అడగలేదు. బొటనవేలు మంచం అంచు మీద ఆడిస్తూ ఉంది. ఆ చప్పుడు పెద్దదేం కాదు. కళ్లజోడు పెట్టుకున్నా వినిపిస్తుంది.

పదిహేనో రోజు

వంతులు రాశాను. అచ్చియ్యమ్మ, సుభద్రమ్మ, మిగతా అయిదుగురు, చివర నేను. చివరి చేను ఇప్పుడు నాదే కాబట్టి కింద రాయడానికి ఎవరూ లేరు.

మెర్సీని పిలిచి నా మంచం వదిన దగ్గర నుంచి అటు చివర మెట్ల పక్కకు మార్చమన్నాను.

"అక్కడ గాలి రాదండి మామ్మగారూ. పైగా పేరంటాలు మామ్మగారు చెప్పేది మీకు తప్ప ఎవరికీ తెలీదు. ఆవిడకి ఏదైనా కావాలంటే ఎలాగండి?"

"ఆవిడకేం కావాలి," అన్నాను. "ఏమీ అడగదు."

ఇద్దరు వచ్చి మంచం జరిపారు.